తొవ్వ చూపియ్యాలె, జాడ చెప్పొద్దు

మొన్న ఆదివారం పొద్దున ఒక పిలగాడు భార్యను వెంటబెట్టుకొని మా దుకాణానికి వచ్చిండు. కొత్తగ పెండ్లైన జంట. ఆమెకు సైకిల్ కొనిచ్చిండట, దానికి జీపీఎస్ కంప్యూటర్ కావాలన్నడు. నేను రెండు మూడు రకాలు తీసి అద్దం బల్ల మీద పెట్టిన. అతను ఏదీ చేతిలకు తీసుకోలేదు.

"అన్నా, ఈమె ఏడున్నదో నా ఫోన్‌ల నాకు ఎప్పటికప్పుడు కనవడాలె. గట్లాంటిది ఏదుంటే అదియ్యి" అన్నడు.

ఆ పిల్ల నవ్వింది. అతను గూడ నవ్విండు. ప్రేమగనే అడిగిండు, అండ్ల తప్పు పట్టేదేం లేదు. కాని నా చెయ్యి డబ్బా మీదనే ఆగింది. లోపల కూసున్న మా ఇంటామె తలెత్తి నా దిక్కు చూసింది. ఇద్దరికి ఒకే మనిషి యాదికొచ్చింది.

ఆమె పేరు రాయను. ఏ ఊరి నుంచి వచ్చింది, ఏ దవాఖానల పని చేసింది, అది గూడ రాయను. రాయొద్దని ఆమె ఎన్నడు అడగలేదు. అడిగే అవసరం లేదు.

మా దుకాణం చాంద్రాయణగుట్ట దాటినంక, కంచన్‌బాగ్ పొయ్యే తొవ్వల ఉంటది. మా బాపు ఉన్నప్పుడు పంచర్లు, కిరాయి సైకిళ్లు. ఇప్పుడు అటుదిక్కు డిఫెన్స్ ల్యాబులల్ల పనిచేసేటోళ్లు పొద్దున తొక్కుడు మొదలువెట్టిన్రు, గేర్ల సైకిళ్లు కొంటున్నరు. వాళ్ల కోసమే హెల్మెట్లు, లైట్లు, హ్యాండిల్‌కు బిగించే ఈ జీపీఎస్ మిషన్లు గూడ పెట్టిన. అగ్గిపెట్టె కన్న జర పెద్దగుంటది. ఎంత దూరం పోయినం, ఎంత స్పీడ్‌ల పోయినం, ఏ గల్లీల మలగాలె, అన్నీ చూపిస్తది.

ఆమె మొదటిసారి వచ్చినప్పుడు మధ్యాహ్నం. దుకాణంల నేను, మా ఇంటామె తప్ప ఎవ్వరు లేరు. పాత లేడీస్ సైకిల్. బయట స్టాండ్ వెయ్యకుండ లోపలిదాంక నడిపించుకొని వచ్చి, వేలాడదీసిన టైర్ల వెనకకు నెట్టింది. నా ముందల నిలవడ్డది గాని సక్కగ నిలవడలేదు. ఒక భుజం నా దిక్కు, మొఖం రోడ్డు దిక్కు. ఆ తర్వాత ఎన్నిసార్లు వచ్చినా గట్లనే నిలవడేది. ఒంటి మీంచి దవాఖాన స్పిరిట్ వాసన వచ్చేది.

"అన్నా, సైకిల్‌కు పెట్టే మ్యాప్ మిషన్లుంటయంట గదా."

నేను అందరిని అడిగినట్టే అడిగిన. లాంగ్ రైడ్లకు పోతరా, ఉత్తగ ఎక్సర్‌సైజ్ కోసమా, గుండె ఎంత స్పీడ్‌ల కొట్టుకుంటున్నదో గూడ చూపాల్నా అని.

"గుండె సంగతి వద్దు. అది నాకు తెలుస్తనే ఉన్నది" అన్నది.

అప్పుడు జోక్ అనుకున్న. అన్నిట్ల మంచిది తీసి చూపించిన. "చెల్లె, ఇది ఫోన్‌తోని కలుస్తది. నువ్వేడున్నవో ఇంట్లోళ్లకు కనవడ్తది. పడిపోయినవనుకో, దానంతట అదే వాళ్లకు మెసేజ్ పంపిస్తది."

కాలే గిన్నె పట్టుకున్నట్టు చెయ్యి ఎనక్కి గుంజుకున్నది. "వద్దు."

"అందరు గిదే అడుగుతరు."

"నాకు తొవ్వ చూపియ్యాలె అన్నా. నా జాడ మాత్రం ఎవ్వరికి చెప్పొద్దు. గట్లాంటిది ఉన్నదా?"

ఇగ అక్కడ్నుంచి ఆమె అడిగిన ప్రశ్నలు నేను ఇన్నేండ్ల వ్యాపారంల ఎన్నడు వినలేదు. దీంట్ల సిమ్ ఉంటదా? ఫోన్ లేకుంటె నడుస్తదా? ఆమె దగ్గర ఉన్నది బటన్ల ఫోన్, పెద్ద ఫోన్ ఇడిసిపెట్టిందట. మలిగేటప్పుడు చప్పుడు చేస్తదా? చేస్తదంటే, బంద్ చెయ్యొస్తదా? రాత్రి లైట్ ఎంత తక్కువ పెట్టొచ్చు? నేను ఒక్కొక్కటి తీసి చూపిస్తున్న. ఆమె బయట పొయ్యే బండ్లను ఒక కంట చూసుకుంట వింటున్నది. ఆఖరికి అడిగింది:

"ఇది యాడన్న పడిపోయి వేరేటోళ్లకు దొరికితే, వాళ్లకు మా ఇల్లు తెలుస్తదా?"

మిషన్ ఆన్ చేసి ఇద్దరం వెతికినం. పోయిన తొవ్వలన్నీ అండ్ల జమైతయి, గీత గీసినట్టు కనవడ్తయి, బయలుదేరిన చోటు, ఆగిన చోటు రెండూ. అవి తుడిపెయ్యొచ్చు.

"రోజు తుడుపొచ్చా?"

"రోజు తుడుపొచ్చు."

"ఎట్లనో చూపియ్యి. మల్లొకసారి."

అందరు ముందుగాల దాన్ని నడుపుడు నేర్చుకుంటరు. ఆమె తుడుపుడు నేర్చుకున్నది.

వేలుతోని ముట్టి నడిపే మోడల్ ఒకటి చేతికిచ్చిన. ఆమె వేళ్లు తడిసి ఉన్నయి, ఎన్నిసార్లు నొక్కినా స్క్రీన్ కదలలేదు. "చేతికి చెమట పడితే ఇది మాట వినదు" అని పక్కకు పెట్టింది. చివరికి ఎవ్వరు అడగక మూలకు పడ్డ పాత మోడల్ తీసుకున్నది. పక్కపొంటి బటన్లు, మ్యాప్ దాని కడుపులనే ఉంటది, ఇంకోదానితోని మాట్లాడాల్నంటే కేబుల్ పెట్టాల్సిందే. హ్యాండిల్‌కు బిగించుకుంట అడిగిన, ఇల్లు ఏడ పెట్టాలె అని. అండ్ల ఇల్లు అని ఒక గుర్తు పెట్టుకుంటే, ఏడ ఉన్నా అక్కడిదాంక తొవ్వ చూపిస్తది.

"దబీర్‌పురా రైలు స్టేషన్."

"స్టేషన్ల ఉంటవా చెల్లె?"

ఆమె నవ్వలేదు. "ఆడిదాంక చేరితే మిగిలింది నాకు తెలుసు" అన్నది.

పోయేటప్పుడు సైకిల్ గడప కాడిదాంక తెచ్చి ఆగింది. ఒక తెల్ల కారు వస్తున్నది. "ఆ బండి పోనీ" అన్నది, నాతోని కాదు, తనతోని తనే. కారు పోయినంక సీటెక్కి, మా పక్క గల్లీల మలిగిపోయింది.

"చిత్రమైన మనిషి" అన్న నేను.

"నీకు సమజ్ కాలేదా?" అన్నది మా ఇంటామె. "ఎవరికో భయపడ్తున్నది. గా మిషన్ తొక్కెతందుకు కాదు, తప్పించుకునెతందుకు."

తర్వాత తర్వాత ఏదో ఒక సాకుతోని వచ్చేది. గాలి కొట్టిచ్చుకునుడు, చైన్‌కు నూనె. అసలు సంగతి, డ్యూటీ నుంచి పొయ్యే తొవ్వల నిమ్మళంగ కూసునే చోటు ఇదొక్కటే అయి ఉంటది. మా ఇంటామె చాయ్ పోసేది. ఆమె సగం తాగి, రోడ్డు మీద ఏదన్న బండి స్లో అయితే గ్లాస్ కింద పెట్టేది. మల్ల పట్టుకునేది కాదు.

నాతోని చెప్పనిది మా ఇంటామెతోని చెప్పింది. పెనిమిటి. మంచి నౌకరి, మంచి మాట. కొట్టేటోడా అని మా ఇంటామె అడిగితే, "కొట్టుడు తక్కువనే వదినా, వెతుకుడే ఎక్కువ" అన్నదట. ఏ ఊరికి పోయినా, ఏ హాస్టల్‌ల ఉన్నా, రెండు దినాలకు గేటు ముందల నవ్వుకుంట నిలవడేటోడు. ఫోన్‌ల చూసేటోడు, దోస్తుల నోట గుంజేటోడు. ఈడ గూడ దవాఖాన కనుక్కున్నడు. గేటు ఎదురుంగ కారు పెట్టుకొని కూసుంటడు. నౌకరి ఇడిసిపెడితే తిండి లేదు. ఇల్లొక్కటే వానికి తెల్వదు. కారు పట్టని గల్లీలు ఈ పాతబస్తీల ఉన్నన్ని యాడ లేవు. అందుకే సైకిల్. కాని ఆమెకు ఈ ఊరు కొత్త, గల్లీలు తెల్వవు. అందుకే మిషన్. రోజొక్క తొవ్వ.

ఒక్కసారే ఆమె గట్టిగ నవ్వంగ చూసిన. మిషన్ చూపించిన గల్లీ పట్టుకొని పోతే అది సక్కగ ఒక ఇంటి వాకిట్లకు తీసుకపోయిందట. నలుగురు ఆడోళ్లు కూసొని చింతపండు గింజలు తీస్తున్నరు. ఈమె బ్రేక్ కొట్టి వాళ్ల నడుమ నిలవడ్డది. ఒక ముసలామె తలెత్తి, "రస్తా కాఁ హై బేటా ఇదర్, ఘర్ హై హమారా" అన్నదట, ఈడ తొవ్వేడిది బిడ్డా, ఇది మా ఇల్లు అని. మల్ల ఆమెనే మంచినీళ్లిచ్చి, వెనక తలుపు తీసి, ఇంకో గల్లీలకు దారిచ్చిందట. "ఎవరు నువ్వు, ఎందుకొచ్చినవు అని అడగలేదు వదినా" అని ఆ మాట రెండుసార్లు చెప్పింది. నవ్వుకుంట చెప్తనే కండ్లు తుడుచుకున్నది.

వానకాలం. అంతకుముందు దినం గట్టి వాన పడ్డది, ఆ పొద్దు గూడ పడ్డది. మధ్యాహ్నం తెరిపిచ్చింది. డ్యూటీ నుంచి సీదా మా దగ్గరికి వచ్చి, "సీటు కింద ఏదో కిర్రుమంటున్నది అన్నా, జర చూడు" అన్నది. సైకిల్ తలకిందులు చేసి పెట్టిన. సీటు కింద ఇనుప కడ్డీల నడుమ నల్ల టేపు చుట్టి ఏదో ఉండ ఉన్నది. నేను చుట్టింది కాదు. కత్తెరతోని కోసిన. లోపల తెల్లగ, గుండ్రంగ, రూపాయి బిళ్ల కన్న జర పెద్దది.

అదేందో నాకు తెలుసు. సైకిల్ చోరీ కాకుండ దాచిపెట్టుకునే బిళ్ల. అది ఏడ ఉంటే ఆ చోటు పెట్టినోని ఫోన్‌ల కనవడ్తది. నేను గూడ అమ్ముత.

"ఇది నువ్వు పెట్టిచ్చుకున్నవా చెల్లె?"

ఆమె చూసింది. కేక వెయ్యలేదు. మోకాళ్లు మడిచి, సైకిళ్ల నడుమ, బయటికి కనవడకుండ కింద కూసున్నది. నోట్ల చున్నీ పెట్టుకున్నది.

"ఎప్పటి నుంచి ఉన్నదది?" అన్నది.

టేపు చూసిన. సీటు మీద బురద మచ్చలున్నయి గాని టేపుకు ఒక్క చుక్క తడి లేదు, దుమ్ము లేదు. "ఇయ్యాల్నే. వాన వెలిసినంక. దవాఖాన స్టాండ్‌ల పెట్టి ఉంటరు."

"అంటే ఇంటికి పోలేదు ఇది." ఊపిరి తీసుకున్నది. వెంటనే మొఖం తెల్లగైంది. "అన్నా, ఇప్పుడు ఈడున్నమని తెలుస్తున్నది గదా వానికి."

అప్పటిదాంక భయం ఆమెది. ఆ మాటతోని మాది గూడ అయింది. బయట రోడ్డు రోజు లెక్కనే ఉన్నది, బస్సులు, ఆటోలు, హారన్లు. ప్రతి బండి మా దిక్కే వస్తున్నట్టు అనిపించింది నాకు. సుత్తె తీసిన, పలగ్గొడ్దామని.

"వద్దు. పలగ్గొడితే దొరికిపోయింది అని తెలుస్తది, ఇంకోటి పెడ్తడు, ఈసారి కనవడకుండ పెడ్తడు. నాకు ఇది కావాలె. ఇన్ని దినాలు ఎవ్వరికి చెప్పినా రుజువేది అన్నరు."

ఆమె లేచి నా చేతిల సుత్తె పట్టుకొని ఆపింది. మా ఇంటామె అప్పటికే ఫోన్ తీసి పోలీసులకు చేస్తున్నది. నేను సీటు బిగించి, సైకిల్ వెనక తలుపు కాడికి తీసుకపోయిన. ఆడ డ్రైనేజి పక్కపొంటి సన్న సందు ఉన్నది. ఆమె మిషన్ ఆన్ చేసి నడుమ బటన్ నొక్కింది. స్టేషన్ దిక్కు నీలం గీత పడ్డది. నా దిక్కు ఒకసారి చూసి, సందుల మాయమైంది. తలుపు గడియ పెట్టి ముందలికి వచ్చి, ఆ బిళ్ల సొరుగుల పడేసి కూసున్న.

ఎంతో సేపు కాలేదు. తెల్ల కారు ఆగింది. దిగినాయనకు ముప్పై అయిదుంటయేమో. ఇస్త్రీ అంగి, మెడల ఆఫీసు కార్డు. గడప కాడ చెప్పులు ఇడిసి లోపలికి వచ్చిండు. నేను రాక్షసుని లెక్క ఉంటడనుకున్న. ఎవరన్న ఇంటికి పిలిచి చాయ్ పోసేటట్టు ఉన్నడు.

"నమస్తే అన్నా. మా మేడమ్ సైకిల్ ఇచ్చి పోయిందా?"

"ఎవరు?" అన్న.

"కోపానికొచ్చి ఇంట్ల నుంచి పోయింది అన్నా. ఆడోళ్ల సంగతి మీకు తెల్వందేముంది. జర నచ్చజెప్పి తీసుకపోదామని." మాట్లాడుకుంటనే దుకాణమంత చూస్తున్నడు, ఒక్కొక్క సైకిల్ సీటు కింద చూస్తున్నడు.

"గట్లాంటోళ్లు ఎవ్వరు రాలేదు."

"అవునా?" అన్నడు. ఫోన్ తీసి దాని మీద వేలు పెట్టిండు.

నా సొరుగుల నుంచి సన్నగ, పిట్ట కూసినట్టు, చప్పుడొచ్చింది. ఆగింది. మల్ల కూసింది.

అతను నా కండ్లల్లకే చూస్తున్నడు. నవ్వు అట్లనే ఉన్నది. "ఈడ్నే ఉన్నదంటున్నది గదన్నా" అన్నడు మెల్లగ.

దొంగతనం ఎన్నడు చెయ్యనోన్ని, దొంగ లెక్క కూసున్న. అతను బల్ల ఈ పక్కకు రావడానికి ఒక అడుగేసిండు. వెనక తలుపు కనవడేది అక్కడ్నుంచే.

"ఎవరిదయ్యా ఆ బిళ్ల?"

మా ఇంటామె. చేతిల ఫోన్ పట్టుకొని, రోడ్డు మీదికి వినవడేటట్టు మాట్లాడ్తున్నది. "మా కస్టమర్ సైకిల్‌కు దొంగ బిళ్ల దొరికింది. పోలీసోళ్లకు చెప్పిన, వస్తున్నరు. నీదేనా? నీదే అయితే గీడ్నే కూసో, వాళ్లతోని చెప్పు."

పక్కన మటన్ దుకాణం భాయ్ కత్తి కింద పెట్టి వచ్చిండు. "క్యా హువా భాబీ?" అన్నడు. పాన్‌డబ్బా కాడ నిలవడ్డ ఇద్దరు గూడ వచ్చిన్రు. అతని నవ్వు ఒక్క క్షణం మాయమైంది. ఆ ఒక్క క్షణంల ఆమె ఇన్నేండ్లు ఎవరితోని కాపురం చేసిందో నాకు కనవడ్డది. మల్ల నవ్వు తెచ్చుకున్నడు.

"లొల్లి ఎందుకక్కా. ఏదో తప్పు చూపించినట్టున్నది ఫోన్." చెప్పులు తొడుక్కున్నడు. కారు ఎక్కేముందల మా బోర్డు ఫొటో తీసుకున్నడు. బోర్డు మీద నా నంబర్, మా బాపు పేరు ఉన్నయి.

పోలీసులు వచ్చి బిళ్ల తీసుకపోయిన్రు. దాని నంబర్ పట్టి అతనిదే అని తేలింది. ఆమె మా ఇంటామెను పక్కన పెట్టుకొని పిటిషన్ రాసిచ్చింది. అతన్ని పిలిచి కేసు పెట్టిన్రు, దగ్గరికి పోనని సంతకం తీసుకున్నరు. ఇగ ఫికర్ లేదు చెల్లె అన్న నేను.

"సంతకం పెట్టినోడు లోపల ఉండడు గదన్నా, బయటనే ఉంటడు" అన్నది.

ఆమె అన్నట్టే, కొన్నాళ్లు ఆ తెల్ల కారు మా ఎదురుంగ రోడ్డవతల ఆగేది. దిగకపోయేటోడు. ఏం చెయ్యకపోయేటోడు. నేను పంచర్ ఏసుకుంట వీపు మీద చూపు మోసేటోన్ని. మా ఇంటామె కూరగాయలకు పోయి జర ఆలస్యమైతే పని ఇడిసి రోడ్డు మీదికి పొయ్యేటోన్ని. నాకు గన్ని దినాలే. ఆమె ఏండ్ల కొద్ది దాంతోనే అన్నం తిన్నది, డ్యూటీ చేసింది, నిద్ర పోయింది. అంత భయం మోసుకుంట గూడ ప్రతి ఒక్క ప్రశ్న సక్కగ అడిగి మిషన్ ఎంచుకున్నది. భయపడేటోళ్లకు ధైర్యం లేదని ఎవరన్న అంటే నాకు ఆమె చెమట వేళ్లు కనవడ్తయి.

ఎండాకాలం ముందు ఒక మధ్యాహ్నం ఆఖరుసారి వచ్చింది. ఎదురుంగ కారు లేదు. వెనక ఒక సంచి కట్టుకున్నది.

"వేరే దగ్గర నౌకరి దొరికింది అన్నా. మిషన్‌ల ఈ దిక్కు మ్యాప్ ఒక్కటే ఉన్నది. వేరేది ఎక్కియ్యాలె."

కేబుల్ పెట్టి కంప్యూటర్ ముందల కూసున్న. స్క్రీన్ మీద రాష్ట్రాల పేర్లు వచ్చినయి.

"ఏది చెల్లె?"

తలదిప్పి చూస్తే, ఆమె పెదవి కొరుక్కుంట నిలవడ్డది. చెప్పాలని ఉన్నది, చెప్పలేకపోతున్నది. నేను కుర్చీల నుంచి లేచిన.

"కావలసిన దాని మీద నొక్కు. పచ్చ గీత నిండేదాంక ఆగు. అంతే."

పోయి గడపల, రోడ్డు దిక్కు మొఖం చేసి నిలవడ్డ. మా ఇంటామె గూడ వచ్చి నా పక్కన నిలవడ్డది. ఇద్దరం బస్సులు చూసుకుంట ఉన్నం. వెనక ఒక్కటే ఒక్క టిక్కుమన్న చప్పుడు. పచ్చ గీత నిండేదాంక ఇంకో రెండు బస్సులు పోయినయి.

"అయింది వదినా" అన్నది. "కంప్యూటర్‌ల గూడ తుడిపిన."

మా ఇంటామె ఆమె తలను దగ్గరికి తీసుకున్నది. ఇద్దరు ఏం అనుకున్నరో నేను వినలేదు. ఆమె సైకిల్ గడప దింపి సీటెక్కంగనే, ఏ దిక్కు మలిగిందో మాకు గూడ తెల్వొద్దని మా ఇంటామె షట్టర్ పట్టుకొని కిందిదాంక గుంజింది. పట్టపగలు దుకాణంల చీకటైంది. ఇద్దరం ఆ చీకట్ల, టైర్ల వాసనల, రోడ్డు చప్పుడు వినుకుంట నిలవడ్డం.

"పోయి ఉంటది. తెరువనా?" అన్నది మా ఇంటామె.

"ఇంక జర ఆగు" అన్న.